వేరు చూడనిదే పుట్టగొడుగు వండరాదు

మృగశిర కార్తెతో తొలకరి ఆరంభమై, ఆరుద్ర, పునర్వసు కార్తెలలో నేల బాగా నాని, పుష్యమి నాటికి ఉరుములతో కూడిన వానలు పడగానే జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలోని అంగళ్ళలో మోదుగాకుల మీద తెల్లని పుట్టగొడుగుల కుప్పలు దర్శనమిస్తాయి. శ్రావణ మాసంలో మాంసం ముట్టని ఇళ్ళలో ఈ కూరకు గల ఆదరణ చెప్పనలవి కాదు. సంవత్సరం పొడవునా దుకాణాలలో పొట్లాలుగా దొరికే పెంపకపు పుట్టగొడుగులకు ఆ రుచి రాదని గృహిణులు అనడం నేను ఎన్నోమార్లు విన్నాను. అది నిజమే.

అయితే, "అడవి పుట్టగొడుగులు తినవచ్చునా, తినరాదా?" అని పాఠకులూ, చికిత్సకు వచ్చేవారూ అడిగినప్పుడు ఒక్క మాటలో సమాధానం చెప్పడం భావ్యం కాదు. ఏ పుట్టగొడుగును గూర్చి అడుగుతున్నారో ముందు తేలాలి. మన ప్రాంతపు చెలకలలోనూ, టేకు అడవులలోనూ తినదగినవిగా పేరు పొందినవి ముఖ్యంగా రెండు రకాలు. ఒకటి పెద్దది, మరొకటి చిన్నది. రెండూ ఒకే ప్రజాతికి చెందినవి, వరుసకు అక్కాచెల్లెళ్ళు. రుచిలోనూ, గుణంలోనూ వీటి నడుమ పెద్ద భేదం లేదు. కానీ వీటిని గుర్తించే పద్ధతిలో ఉన్న భేదం ప్రాణానికి సంబంధించినది. అక్కను గుర్తించే లక్షణం చెల్లెలికి లేదు. ఈ సంగతి తెలియక రెండింటినీ ఒకే గాటన కట్టడం వలన కీడు జరుగుతున్నది.

ఈ విషయమై నా నిశ్చితాభిప్రాయం ఇది. పెద్ద పుట్టగొడుగును వేరుతో సహా కళ్ళారా చూసిన తరువాతనే వండాలి. చిన్న పుట్టగొడుగు విషయంలో, అది మొలిచిన చోటును స్వయంగా ఎరిగినవారు తప్ప ఇతరులు దాని జోలికి పోరాదు. ఇందుకు గల కారణాలను వివరిస్తాను.

పేరులోనే ఉన్న వివేకం

మన తెలుగువారు ఈ జాతికి రెండు పేర్లు పెట్టుకున్నారు. ఒకటి పుట్టగొడుగు, రెండవది కుక్కగొడుగు. నేడు ఈ రెండింటినీ పర్యాయపదాలుగా వాడుతున్నాము గానీ, ఆ మాటలను విడదీసి చూస్తే పెద్దల వివేకం బోధపడుతుంది. పుట్టను ఆశ్రయించి మొలిచేది పుట్టగొడుగు. ఎక్కడబడితే అక్కడ, పెంటల మీద, గోడల వార, కుళ్ళిన మొద్దుల మీద మొలిచేది కుక్కగొడుగు. మొదటి పేరులో దాని జన్మస్థానం ఉన్నది. రెండవ పేరులో నిరాదరణ ఉన్నది. అంటే, గొడుగు రూపాన్ని బట్టి కాక, మొలిచిన స్థానాన్ని బట్టి తినదగినదా కాదా అని నిర్ణయించుకోవాలన్న నియమం మన భాషలోనే ఇమిడి ఉన్నది.

చెదల సేద్యం

పుట్టను పాములు కట్టవు, చెదలు కడతాయి. నాగుల పంచమి నాడు మనం పాలు పోసే పుట్ట వాస్తవానికి చెదల కోట. వల్మీకం ఉన్న చోట భూగర్భ జలం ఉండవచ్చునని వరాహమిహిరుడు బృహత్సంహితలో చెప్పాడు. పుట్టమన్నుకు మన వైద్యంలోనూ స్థానం ఉన్నది. అటువంటి పుట్ట లోపల చెదలు వ్యవసాయం చేస్తాయన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు.

ఎండుటాకులను, పుల్లలను, గడ్డిని చెదలు తిని, ఆ అరిగీ అరగని పదార్థాన్ని పుట్ట గదులలో తేనెపట్టు వంటి గడ్డలుగా పేరుస్తాయి. ఆ గడ్డ మీద ఒక శిలీంధ్రం పెరుగుతుంది. కట్టెలోని గట్టి పదార్థాన్ని చెద తనంతట తాను పూర్తిగా జీర్ణం చేసుకోలేదు. శిలీంధ్రం దానిని మెత్తబరచి పెడుతుంది. దాని మీద ఏర్పడే తెల్లని చిన్న ఉండలను చెదలు ఆహారంగా తీసుకుంటాయి. చెదలు శిలీంధ్రానికి ఇల్లు, తడి, ఆహారం సమకూర్చుతాయి. ఈ పరస్పర ఉపకారం సుమారు 3 కోట్ల సంవత్సరాలుగా సాగుతున్నదని శాస్త్రజ్ఞుల అంచనా. మనిషి నాగలి పట్టి పదిపన్నెండు వేల సంవత్సరాలు మాత్రమే అయినది.

ఈ శిలీంధ్రాల ప్రజాతికి 1942లో ఫ్రెంచి శాస్త్రవేత్త రోజర్ హైమ్ 'టెర్మిటోమైసిస్' అని పేరు పెట్టాడు. చెదల శిలీంధ్రం అని దాని అర్థం. మన పెద్ద పుట్టగొడుగును 1979లో దక్షిణ భారతదేశం నుండే వర్ణించి, ఆయన పేరు మీదుగానే 'టెర్మిటోమైసిస్ హైమియై' అన్నారు. చిన్నదాని పేరు 'టెర్మిటోమైసిస్ మైక్రోకార్పస్'. మైక్రోకార్పస్ అంటే చిన్న ఫలం కలది అని అర్థం.

అక్కాచెల్లెళ్ళ పోలికలు, తేడాలు

పెద్ద పుట్టగొడుగు విప్పారినప్పుడు అరచేతి వెడల్పు వరకు ఉంటుంది. పైభాగం తెల్లగా, నునుపుగా ఉండి, నడిమి భాగంలో బూడిద, గోధుమ రంగులు కలిసిన మొనదేలిన బొడిపె ఉంటుంది. ఆ బొడిపెతోనే అది గట్టి మట్టిని చీల్చుకొని పైకి వస్తుంది. అడుగున పుస్తకపు పుటలవలె ఉండే రేకులు కాడను అంటకుండా విడిగా ఉంటాయి. మొదట తెల్లగా ఉండి, ముదిరేకొద్దీ లేత గులాబి ఛాయ పొందుతాయి. కాడకు ఉంగరం ఉంటుంది. అన్నింటికంటె ముఖ్యమైనది వేరు. భూమి పైకి కనిపించే కాడ కిందికి సన్నబడుతూ, మట్టిలో జానెడు, ఒక్కొక్కప్పుడు మూరెడు లోతుకు దిగి, చెదలు పెంచిన ఆ గడ్డను చేరుతుంది. వృక్షశాస్త్రం ప్రకారం అది నిజమైన వేరు కాదు గానీ, మన వాడుకలో దానిని వేరు అనడంలో దోషం లేదు. ఈ వేరు దాని వంశవృక్షం వంటిది. అది పుట్టలో పుట్టినదని సాక్ష్యం చెప్పేది ఆ వేరే.

చిన్న పుట్టగొడుగు గొడుగు వెడల్పు వేలి గోరంత, మహా అయితే అంగుళం. అది ఒంటరిగా రాదు. నేల మీద పేలాలు చల్లినట్లు వందల సంఖ్యలో ఒకేచోట లేస్తుంది. దీనికీ నడుమ చిన్న బొడిపె ఉంటుంది. అంచులు తరచుగా చీలి ఉంటాయి. రేకులకు అదే లేత గులాబి ఛాయ. కానీ కాడకు ఉంగరం లేదు, పుట్ట గడ్డ వరకు దిగే వేరు లేదు. ఇది పుట్ట లోతు నుండి పైకి పెరగదు. చెదలే ఆ గడ్డ ముక్కలను బయటికి మోసుకొని వచ్చి నేల మీద పరుస్తాయి. ఆ పలుచని పొర మీద ఇది మొలుస్తుంది. అందువలన ఒక్కొక్కప్పుడు పుట్ట ఛాయ కూడా లేని చదునైన నేల మీద, మామిడి చెట్ల కింద కనిపిస్తుంది.

ఈ భేదం ఎంత దూరం పోతుందో పాఠకులు ఆలోచించాలి. అక్క వేరును చూపి తన కులగోత్రాలు చెప్పగలదు. చెల్లెలికి ఆ సాక్ష్యం లేదు. దానిని ఆకుల దొప్పలో పోసి మన ముందు పెట్టినప్పుడు, అది ఏ నేల మీద మొలిచిందో చెప్పగలిగినది ఏరి తెచ్చిన మనిషి ఒక్కరే.

ప్రాచీన శాస్త్రం చెప్పినది

మన ఆచార్యులు పుట్టగొడుగులను ఎరుగుదురు. చరకాచార్యులు సూత్రస్థానంలోని శాకవర్గంలో సర్పచ్ఛత్రకాన్ని వర్జించి, తక్కిన ఛత్రజాతులు శీతలములు, మధురములు, గురువులు, పీనసాన్ని కలిగించేవి అని చెప్పారు. సుశ్రుతాచార్యులు మరొక అడుగు ముందుకు వేసి, గడ్డి మీద మొలిచినవి, చెరకు మీద మొలిచినవి, పేడ మీద మొలిచినవి, వెదురు మీద మొలిచినవి, నేల మీద మొలిచినవి అని విభజించి, ఒక్కొక్కదానికి వేర్వేరు గుణాలు చెప్పారు. అంటే ఆయన విభజనకు ఆధారం రంగు కాదు, పరిమాణం కాదు, స్థానం. 16వ శతాబ్దికి చెందిన భావమిశ్రుడు వీటిని సంస్వేదజ శాకములనే పేరున చేర్చి, ఇవి గురువులు, పిచ్ఛిలములు, వాంతిని, అతిసారాన్ని, జ్వరాన్ని, శ్లేష్మ రోగాలను కలిగించేవి అని హెచ్చరించాడు. శుచియైన స్థలాలలోనూ, కట్టె, వెదురు, గోవుల మందల చోట్లలోనూ పుట్టిన తెల్లనివి అంతగా దోషకరములు కావని ఒక వెసులుబాటు ఇచ్చాడు.

ఈ చివరి మాటను పట్టుకొని, "తెల్లగా ఉన్నది, శుభ్రమైన చోట మొలిచినది, కనుక తినవచ్చును" అని వాదించే వైద్యులు కొందరున్నారు. వారితో నేను ఏకీభవించను. భావమిశ్రుడు రంగును, స్థానాన్ని కలిపి చెప్పాడు. అప్పటికీ 'అంతగా దోషకరములు కావు' అన్నాడే తప్ప నిర్దోషములు అనలేదు. తెల్లదనం నిర్దోషత్వానికి గుర్తు కాదు. ప్రపంచంలో ప్రాణాంతకమైన పుట్టగొడుగులలో కొన్ని పాలవలె తెల్లనివి. శాస్త్రంలోని సగం మాటను పట్టుకొని తక్కిన సగాన్ని విడిచిపెట్టడం శాస్త్రాన్ని గౌరవించడం కాదు.

మా గురుకులంలో ఓషధిని తెమ్మని అడవికి పంపినప్పుడు, ఆకు ఒక్కటే కోసుకొని వస్తే గురువుగారు దానిని ముట్టుకొనేవారు కారు. వేరు, కాండం, ఆకు, పువ్వు, కాయ అనే పంచాంగాలూ కనబడాలి అనేవారు. పుట్టగొడుగుకు కూడా పంచాంగాలు ఉన్నాయని నేను భావిస్తాను. గొడుగు, రేకులు, కాడ, ఉంగరం, వేరు. వీటిలో వేరును తెగగోసి తక్కిన నాలుగింటిని చూపితే గుర్తింపు అసంపూర్ణం. రూపం ఎరుగని ఓషధి విషంతో సమానమన్న చరకాచార్యుల హెచ్చరిక పుట్టగొడుగు విషయంలో అక్షరాలా నిజం.

వేషధారులు

పెద్ద పుట్టగొడుగు వేషం వేసుకొని వచ్చే ఒక రకం ఉన్నది. దాని శాస్త్రీయ నామం 'క్లోరోఫిల్లమ్ మాలిబ్డైటిస్'. వానలు పడిన తరువాత పచ్చిక బయళ్ళలో, పొలం గట్ల మీద, పెంటకుప్పల దాపున, ఒక్కొక్కప్పుడు వలయాకారంలో మొలుస్తుంది. తెల్లగా, పెద్దగా, చూడముచ్చటగా ఉంటుంది. నడుమ గోధుమ రంగు పొలుసులు ఉంటాయి. కాడకు ఉంగరం కూడా ఉంటుంది. లేతగా ఉన్నప్పుడు రేకులు తెల్లగానే ఉండి, ముదిరిన తరువాత ఆకుపచ్చ ఛాయకు తిరుగుతాయి. దీనిని తిన్న ఒకటి నుండి మూడు గంటల లోపల తీవ్రమైన వాంతులు, విరేచనాలు, కడుపునొప్పి కలుగుతాయి. పిల్లలకు, వృద్ధులకు ఒంట్లోని నీరు హరించుకుపోయి ప్రమాదం ఏర్పడుతుంది.

దీనిని పెద్ద పుట్టగొడుగు నుండి వేరుచేసేది ఏమిటి? ఉంగరం రెండింటికీ ఉన్నది. తెలుపు రెండింటికీ ఉన్నది. కానీ దీని కాడ అడుగున ఉబ్బి ఆగిపోతుంది. పుట్టలోనికి దిగే వేరు లేదు. అంగడిలో శుభ్రంగా కనిపించాలని కాడను మట్టి దగ్గర కోసి, గొడుగులను మాత్రమే కుప్ప పోసినప్పుడు ఆ ఒక్క ఆధారం పోతుంది. మరింత ఘోరమైన విషజాతి 'అమనిటా'. దాని కాడ మొదట సంచి వంటి తొడుగు ఉంటుంది. అది కూడా మట్టిలోనే ఉంటుంది. కాడను పైన కోస్తే ఆ సంచీ నేలలోనే మిగిలిపోతుంది. కనుక వేరుతో సహా పెకలించడం వలన రెండు లాభాలు. మంచిదాని వేరు కనబడుతుంది, చెడ్డదాని సంచి కనబడుతుంది.

కొన్నేళ్ళ క్రిందట శ్రావణంలో జగిత్యాల నుండి ఒక గృహస్థు తన ఇంటివారు నలుగురితో వాంతులతో నా వద్దకు వచ్చాడు. కొన్న కూరలో మిగిలిన పచ్చి ముక్కలను తెమ్మన్నాను. అన్నీ గొడుగులే, ఒక్కదానికీ వేరు లేదు. ముదిరిన రెండింటి రేకులు పచ్చబారి ఉన్నాయి. వెంటనే వారిని ఆసుపత్రికి పంపాను. అదృష్టవశాత్తు అందరూ కోలుకున్నారు. ఆ తరువాత రాయికల్ దారిలో పుట్టగొడుగులు అమ్మే ఒక వృద్ధురాలితో ఈ మాట ప్రస్తావిస్తే ఆమె అన్న మాట నాకు ఇప్పటికీ జ్ఞాపకం: "ఏరుతోని పీకిందే అమ్ముత అయ్యగారూ. ఏరు లేంది ఏడ మొలిచిందో నాకెట్ల ఎరుకైతది?" ఓషధుల పేర్లు, రూపాలు మేకల కాపరులకు, గొల్లలకు, అడవిలో తిరిగేవారికి తెలుసునని చరకాచార్యులు ఊరకనే చెప్పలేదు.

ఇక చిన్న పుట్టగొడుగు సంగతి. దాని పరిమాణంలో, దాని రంగులో, గుంపులుగా మొలిచే చిన్న జాతులు ఎన్నో ఉన్నాయి. ఇనోసైబ్, క్లైటోసైబ్ అనే ప్రజాతులలోని కొన్నింటిలో మస్కరిన్ అనే విషం ఉంటుంది. అవి తిన్న పావుగంట నుండి రెండు గంటల లోపల విపరీతంగా చెమటలు, చొంగ, కంటి నీరు కారడం, చూపు మసకబారడం జరుగుతుంది. ఎంటోలోమా అనే ప్రజాతి రేకులకు మన చిన్న పుట్టగొడుగు వలెనే గులాబి ఛాయ ఉంటుంది. అందులో విషపూరితమైనవి ఉన్నాయి. దొప్పలో వందల కొద్దీ చిన్న గొడుగులు ఉన్నప్పుడు, అందులో పది వేరేవి కలిస్తే ఏ గృహిణి కనిపెట్టగలదు? అందుకే చెల్లెలిని గూర్చి నేను ఇంత కఠినంగా చెబుతున్నాను. దోషం ఆమెది కాదు. ఆమెను నిరూపించే సాక్ష్యం మన వంటింటికి రాదు.

వెండి గరిటె పరీక్షలు

ఉడుకుతున్న కూరలో వెండి చెంచా వేస్తే నల్లబడితే విషమని, వెల్లుల్లి రంగు మారితే విషమని, బియ్యం గింజలు ఎర్రబడితే విషమని, పురుగు తిన్నది మనిషి కూడా తినవచ్చునని, పై పొర ఊడివస్తే మంచిదని ఇళ్ళలో చెప్పుకుంటారు. వీటిలో ఏ ఒక్కటీ నమ్మదగినది కాదు. అమనిటాలోని విషం వెండిని నల్లబరచదు, వెల్లుల్లి రంగును మార్చదు. ఆ పుట్టగొడుగును పురుగులూ, నత్తలూ నిక్షేపంగా తింటాయి. పసుపు వేసి ఉడికించినా, చింతపండు పులుసు పోసినా, ఎండబెట్టినా ఆ విషం నశించదు.

ఉపయోగపడే పరీక్ష ఒకటి ఉన్నది. విప్పారిన గొడుగును కాడ తీసివేసి, రేకులు కిందికి వచ్చేటట్లు తెల్లని కాగితం మీద ఉంచి, గిన్నె బోర్లించి రాత్రంతా వదలాలి. ఉదయానికి కాగితం మీద సన్నని పొడి రాలి ఉంటుంది. అక్కాచెల్లెళ్ళు ఇద్దరి పొడీ లేత గులాబి రంగు. క్లోరోఫిల్లమ్ పొడి ఆకుపచ్చ. పచ్చని పొడి రాలితే ఆ కుప్పనంతా పారవేయాలి. అయితే గులాబి పొడి రాలినంత మాత్రాన తినవచ్చునని అనుకోరాదు. ఎంటోలోమా పొడి కూడా గులాబి రంగే. పచ్చదనం నిషేధం, గులాబి అనుమతి కాదు. పుట్ట, వేరు, బొడిపె, ఈ మూడింటితో పాటు ఇది నాల్గవ సాక్షి మాత్రమే.

"మా తాతముత్తాతలు తినలేదా?"

ఈ ప్రశ్న తప్పక వస్తుంది. తిన్నారు. కానీ వారు ఏ పుట్ట మీద ఏ కార్తెలో ఏది లేస్తుందో ఎరిగి తిన్నారు. ఒకే పుట్ట మీద ఏటేటా అదే పుట్టగొడుగు లేస్తుంది. ఆ పుట్టలు కుటుంబాలకు గుర్తు. తల్లి కూతురికి, మామ అల్లునికి ఆ చోట్లు చూపేవారు. నేడు సిరిసిల్లలో మరమగ్గాల మీద బ్రతికే కుటుంబాలలోనూ, జగిత్యాల, కోరుట్ల పట్టణాలలో స్థిరపడిన ఉద్యోగుల ఇళ్ళలోనూ ఆ పరిజ్ఞానం తెగిపోయినది. రుచి జ్ఞాపకం ఉన్నది, గుర్తింపు లేదు. తాతల రుచిని కోరుకొనేవారు తాతల జాగ్రత్తను కూడా పాటించాలి.

ఇది మన ప్రాంతపు బెడద మాత్రమే కాదు. 2022 ఏప్రిల్ మాసంలో అస్సాంలో అడవి పుట్టగొడుగులు తిని 13 మంది మరణించారు. వారిలో అత్యధికులు తేయాకు తోటల కుటుంబాలవారు. వారందరూ పుట్టగొడుగులు తినే ఆచారం గలవారే. ఆచారం ఒక్కటే మనిషిని కాపాడదు.

తిన్న తరువాత వికారం కలిగితే

ఈ పత్రిక గృహవైద్యానికి అంకితమైనది. నేను జీవితమంతా కషాయాలు, చూర్ణాలు ఇచ్చినవాడిని. అయినను స్పష్టంగా చెబుతున్నాను: పుట్టగొడుగు విషానికి గృహవైద్యం లేదు. ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించడం, మజ్జిగ, చింతపండు రసం, పేడనీళ్ళు, కషాయాలు పోయడం చేయరాదు. వెంటనే 108 వాహనాన్ని పిలిపించి పెద్ద ఆసుపత్రికి తీసుకొని వెళ్ళాలి. తిన్నవారందరూ, బాగున్నామని అనుకొనేవారు సైతం, వెళ్ళాలి. మిగిలిన పచ్చి పుట్టగొడుగులను కాగితపు పొట్లంలో చుట్టి వెంట తీసుకొని పోవాలి. ఎన్ని గంటలకు తిన్నదీ, ఎన్ని గంటలకు వికారం ఆరంభమైనదీ వైద్యునికి చెప్పాలి.

ఒక ముఖ్య విషయం. తిన్న గంట రెండు గంటలలో వాంతులైతే భయపడి పరుగెత్తుతారు. కానీ ఆరు గంటలు గడిచిన తరువాత, మరునాటి ఉదయం వాంతులు మొదలైతే అది మరింత ప్రమాదకరం. అమనిటా విషం అటువంటిది. వాంతులు, విరేచనాలు ఒకరోజు బాధించి తగ్గిపోతాయి. రోగి లేచి కూర్చుంటాడు. ఇంటివారు ఊపిరి పీల్చుకుంటారు. కానీ లోపల కాలేయం చెడిపోతూనే ఉంటుంది. రెండు మూడు రోజులకు కామెర్లు బయటపడే నాటికి చేయి దాటిపోవచ్చును. తగ్గినదని ఇంటికి తిరిగి రావడం, కామెర్లకు పసరు పోయించడం ఈ దశలో ప్రాణాంతకం.

వండే విధానం, వర్జించవలసినవారు

వేరుతో, పుట్టమన్నుతో వచ్చిన పెద్ద పుట్టగొడుగులను తెచ్చిన రోజే వండాలి. ఒక్కొక్కదానిని విడిగా పరీక్షించి, ముదిరి నల్లబడినవి, కంపు కొట్టేవి తీసివేయాలి. మన్ను పోయేటంతగా రెండు మూడు నీళ్ళలో కడిగి, బాగా ఉడికించాలి. ఇవి శీతలములు, గురువులు కనుక మిరియాలు, శొంఠి లేక అల్లం, జీలకర్ర, వెల్లుల్లి చేర్చడం యుక్తం. జొన్నరొట్టెతో తినడం మన ప్రాంతపు అలవాటు, అది మంచిదే. వర్షాకాలంలో జఠరాగ్ని మందంగా ఉంటుంది గనుక మధ్యాహ్నం మితంగా తినాలి, రాత్రి తినరాదు. మిగిలిన కూరను మరునాటికి ఉంచరాదు. తొలిసారి తినేవారు రెండు ముక్కలతో ఆపి ఒక రోజు చూడాలి. పీనసం, ఉబ్బసం, గ్రహణి ఉన్నవారు, గర్భిణులు, చిన్నపిల్లలు అడవి పుట్టగొడుగులను పూర్తిగా మానుకోవాలి.

దీని పోషక విలువను గూర్చి అతిశయోక్తులు వినిపిస్తుంటాయి. పచ్చి పుట్టగొడుగులో నూటికి 90 పాళ్ళు నీరే. మాంసకృత్తులు కొంత ఉన్నాయి, కొవ్వు స్వల్పం. అది మంచి కూర. సర్వరోగనివారిణి కాదు.

వేరు దొరకనప్పుడు

వేరుతో ఉన్నవి దొరకని సంవత్సరం అడవి రుచిని వదులుకోవడమే మేలు. పెంపకపు పుట్టగొడుగులు ఏ జాతివో నిశ్చయంగా తెలుసు. పాలవలె తెల్లగా, లావుపాటి కాడతో దొరికే పాల పుట్టగొడుగును 1974లో పశ్చిమ బెంగాల్ నుండి తొలిసారి వర్ణించారు. అది మన పుట్టగొడుగుల కుటుంబానికే చెందినది. అంటే ఈ అక్కాచెల్లెళ్ళకు దాయాది. వేడి ప్రాంతాలలో పెరుగుతుంది. ముత్యపుచిప్ప పుట్టగొడుగులను వరిగడ్డి మీద పెంచవచ్చును. పొలాస పరిశోధన కేంద్రం నుండి వచ్చిన జగిత్యాల సన్నాలు పండే నేలలో వరిగడ్డికి కొదువ లేదు. హిమాచల్ ప్రదేశ్‌లోని సోలన్‌లో 1983లో ఏర్పడిన జాతీయ పుట్టగొడుగుల పరిశోధన సంస్థ ఇటువంటి పెంపకానికి మార్గం చూపినది. అయితే అసలు పుట్టగొడుగును మాత్రం చెదలు లేకుండా అంగడికి సరిపడేటట్లు పెంచే పద్ధతి ఇంతవరకు స్థిరపడలేదు.

అందువలన పుట్టను కాపాడుకోవడం కూడా మన బాధ్యత. చెలకలను చదును చేసేటప్పుడు యంత్రాలతో పుట్టలను పెకలించివేస్తున్నారు. పంటకు, ఇంటికి చేటు చేసే చెదలు వేరు, గట్టు మీద పుట్ట కట్టుకొని ఎండుటాకులను మట్టిలో కలిపే చెదలు వేరు. గట్టు మీది పుట్టను అలాగే ఉండనివ్వాలి. పుట్టగొడుగులను తీసేటప్పుడు పుట్టను తవ్వి లోపలి గడ్డను చెదరగొట్టరాదు. కాడను రెండు వేళ్ళతో పట్టి మెల్లగా లాగితే వేరు చాలినంత వస్తుంది. కొన్నింటిని విప్పారి రాలిపోనివ్వాలి.

చివరగా గృహిణులకు నా మనవి ఇది. అంగడిలో పుట్టగొడుగులు కొనేటప్పుడు శుభ్రంగా కోసి పెట్టిన కుప్పను చూసి మోజు పడవద్దు. మన్ను అంటిన వేళ్ళతో ఉన్న కుప్పను అడగండి. "ఏ ఊరి పుట్ట మీదివి?" అని అమ్మేవారిని అడగండి. చెప్పగలిగినవారి వద్దనే కొనండి. చిన్న పుట్టగొడుగులను, వాటిని స్వయంగా ఏరి, తమ ఇంట్లో తమ పిల్లలకు వండిపెట్టే ఎరుక గల ఆత్మీయులు పెడితే తప్ప ముట్టుకోవద్దు. కొనేవారు వేరు అడగడం మొదలుపెడితే, అమ్మేవారు వేరుతోనే తెస్తారు.